నా గూడ్సు అరవై ఎనిమిది

కొలెస్ట్రాల్‌లో మంచిది కూడా ఒకటి ఉంటుందన్న కబురు మా ఇంటికి మొట్టమొదట తెచ్చింది రక్తం తీసుకోవడానికి వచ్చే దీదీ. మాది బెంగాల్లోని రైల్వే ఊరు. అందులో ఝపటాపూర్ పేటలో మందుల దుకాణం పక్కనున్న చిన్న లాబ్‌లో ఆమె పనిచేస్తుంది. భర్త విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు డ్యూటీకి వెళ్లగానే తానూ సైకిలెక్కుతుంది. ఆరున్నరకల్లా మా వీధిలో ఉంటుంది. హాండిలుకి నీలం రంగు డబ్బా ఒకటి వేలాడుతుంది, అందులో అప్పటికే ఇద్దరు ముగ్గురి రక్తం ఉంటుంది. బెంగాలీ మనిషి. మా తెలుగు వీధుల్లో తిరిగి తిరిగి సగం తెలుగు నేర్చుకుంది. మిగతా సగం చేత్తో చెబుతుంది.

అంతవరకూ మాకు తెలిసిన కొలెస్ట్రాల్ ఒకటే, అది చెడ్డది. అందులో మంచిది కూడా ఉందంటే మా వదిన ఒప్పుకోలేదు. మా వదినంటే మా ఆయన అక్క. భర్త పోయాక మా దగ్గరే ఉంటోంది.

"దొంగల్లో మంచి దొంగేటి?" అంది.

సిలువ దగ్గర అలాంటివాడు ఒకడు ఉన్నాడని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. పొద్దున్నే వాదన ఎందుకని ఊరుకున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ కబురు వచ్చిన రోజుకే నా గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టాల్లో ఒకటి మూసుకుపోతూ ఉంది. అది ఏళ్ల తరబడి జరిగే పని అని డాక్టరు తర్వాత చెప్పారు. అప్పుడు నాకు తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఏడాదంతా మేం మా ఆయన గుండె గురించి భయపడుతూ గడిపాం. ఆయన గుండెకి ఏమీ కాలేదు. ఇప్పటికీ ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం.

నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, ప్రార్థనల్లో పాడుకునే పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. అందుకని తెలుగు ధారాళంగా చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషులో మాత్రం అక్షరాలు పోల్చుకుంటాను, అంకెలు చదువుతాను. లాబ్ కాగితానికి అంతకంటే ఎక్కువ చదువు అక్కర్లేదని అనుకునేదాన్ని. ఆ కాగితం నిండా ఉండేవి అక్షరాలూ అంకెలే కదా.

మా ఆయన వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు గూడ్సు వేగన్లు బాగుచేసే ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన రెండో ఏడు ఆయన జతగాడొకరికి గుండెపోటు వచ్చింది. ఆ మనిషి బతికాడు కాని, మా ఆయనకి భయం పట్టుకుంది. దీదీని పిలిపించారు. దీదీ ఆయన చేతికి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీసి, నా వైపు చూసి "బౌదీ, మీది?" అంది. బౌదీ అంటే బెంగాలీలో వదిన, దాదా అంటే అన్న. సూది ఎలాగూ వచ్చింది కదా అని నేనూ చెయ్యి చాపాను. నా గుండె గురించి నేను చేసిన ఆలోచన అంతవరకే. మా వదిననీ అడిగింది.

"నా రగతం నాకాడే ఉండనీ తల్లీ," అని వదిన లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు దీదీ రెండు కాగితాలు తెచ్చి చాప మీద పరిచింది. మేం చుట్టూ కూర్చున్నాం. వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడింది, తనకేమీ పట్టనట్టు.

"దాదా, మీది గుడ్ కొలెస్ట్రాల్ కమ్ ఉంది. థర్టీ వన్. ఇంకా ఉండాలి."

మా ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "గూడ్సా?"

"హాఁ, గుడ్."

"గూడ్సు తక్కువేటి? ఏటి మోస్తాది అది?"

ఎగతాళికి అడిగింది కాదు. ముప్పై ఎనిమిదేళ్లు గూడ్సు వేగన్ల కింద దూరి పనిచేసిన మనిషికి ఆ శబ్దం చెవిన పడితే ఇంకో అర్థం తోచదు. నిజం చెప్పాలంటే నాకూ గూడ్సు అనే వినబడింది. ఈ ఊళ్లో పుట్టిన చెవికి అలాగే వినబడుతుంది. దీదీకి ఆ తేడా తెలియలేదు. ఏం మోస్తుందని అడిగారు కాబట్టి ఏం మోస్తుందో చెప్పింది. రక్తం పారే గొట్టాల గోడలకి పేరుకున్న కొవ్వుని ఇది ఎత్తుకుని లివర్‌కి చేరుస్తుందట. లివర్ దాన్ని వదిలించుకుంటుందట. గోడ మీంచి గీకినట్టు, గంపకెత్తినట్టు, దూరంగా కుమ్మరించినట్టు చేత్తో చూపించింది.

మా ఆయన ముఖం వెలిగింది. "మరదే గదా గూడ్సంటే! సెత్తంతా ఎత్తుకుని యార్డుకి ఎలిపోతాది. లివరంటే యార్డన్నమాట."

"ఠీక్ హై," అంది దీదీ.

"మరా రెండోది? సెడ్డది?"

"అది లివర్ నుంచి బయలుదేరుతుంది దాదా. ఎక్కడ జాగా ఉంటే అక్కడ దిగిపోతుంది. గోడలో కూర్చుంటుంది."

"ప్యాసింజరు," అన్నారు మా ఆయన, అంతా అర్థమైపోయినవారిలా. "పెతి టేసన్లోనూ దిగిపోతాది."

ఇలా మా ఇంట్లో దానికి గూడ్సు కొలెస్ట్రాల్ అని పేరు పడింది. తప్పు మాటే. కాని అది చేసే పనికి అతికినట్టు సరిపోయింది. అందుకే ఆ తప్పు మా ఇంట్లో అంతకాలం బతికింది.

తర్వాత దీదీ నా కాగితం తీసింది. "బౌదీది సిక్స్టీ ఎయిట్. బహుత్ అచ్ఛా." మేం ముగ్గురం ఒకేసారి "అరవయ్యెనిమిదా!" అన్నాం. ఆమె వేలు అక్కడ ఆగలేదు, ఇంకా కిందికి జరిగింది. "కానీ బౌదీ, ఇక్కడ చూడు. పక్కన హెచ్ వేసి ఉంది. ఇది చెడ్డది, చాలా జ్యాదా. డాక్టర్‌కి చూపించాలి. తప్పకుండా."

నేను తలూపాను. అప్పటికే మా ఇంట్లో ఎవరూ కింది వరస వినడం లేదు. మా ఆయన వేళ్ల మీద అరవై ఎనిమిదిలోంచి ముప్పై ఒకటి తీసేస్తున్నారు.

"నాకంటే ముప్పయ్యేడు వేగన్లు ఎక్కువే నీకు. ప్యాసింజరు ఎంత తెచ్చి దింపితే ఏటి, నీ గూడ్సు మోసీగలదు."

దీదీ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఇంకో ఇంటికి టైమైపోయిందని సైకిలెక్కింది. నేను నా కాగితాన్ని మడిచి పాటల పుస్తకంలో కృతజ్ఞతా గీతాలున్న చోట పెట్టాను. చూపించాల్సింది డాక్టరుకి. చూపించింది దేవునికి. ఆయనకి అది ముందే తెలుసు.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఒక రోగి, ఒక ఆరోగ్యవంతురాలు తయారయ్యారు. రోగి మా ఆయన. ఆయనకి చేపలు వేపుడు మానేసి ఆవపెట్టి ఉడికించడం మొదలుపెట్టాను. పొద్దున్నా సాయంత్రం ఆయన నడకకి వెళ్లేవారు. బీడీ మానితే గూడ్సు పెరుగుతుందని దీదీ చెప్పిన రోజునే బీడీకట్ట పారేశారు. ఆ బీడీ మాన్పించమని నేను ముప్పై ఏళ్లు మోకాళ్ల మీద ఉన్నాను. ముప్పై ఏళ్లూ మానని మనిషి, యార్డు పేరు చెబితే మానేశారు. ప్రార్థనకి జవాబు ఏ లైను మీద వస్తుందో మనం చెప్పలేం. వచ్చినందుకు వందనాలు.

ఆరోగ్యవంతురాలిని నేను. బంధువులెవరైనా చేప వేపుడు పంపిస్తే ఆయన కంచంలోంచి నా కంచంలోకి వచ్చేది. సాయంత్రం వీధి చివర బండి మీద వేసే వేడి వేడి వంకాయ బజ్జీలు, ఇక్కడ వాటిని తేలేభాజా అంటారు, ఆయనే స్వయంగా కొనుక్కొచ్చి నా ముందు పెట్టేవారు. "తిను. నీకేటి, గూడ్సున్నాది," అనేవారు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, గేటు పడ్డప్పుడు బండి మొత్తం వెళ్లేదాకా చూసే మనిషిలా చూసేవారు. మూకుడు అడుగున మిగిలిన నూనెలో అన్నం కలుపుకుని తినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అంతకుముందు దాచుకుని తినేదాన్ని. ఆ ఏడు బాహాటంగా తిన్నాను.

మా చర్చిలో గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక ఉంటుంది. చివర్లో పొందిన మేళ్లకి ఎవరైనా నిలబడి సాక్ష్యం చెప్పవచ్చు. నేను చిన్న మేలుకి కూడా లేచే మనిషిని. గ్యాసు బండ సరిగ్గా పండుగ ముందురోజు వచ్చినందుకు ఒకసారి చెప్పాను. అలాంటిది అరవై ఎనిమిది గూడ్సుకి చెప్పకుండా ఎలా ఉంటాను? లేచి నిలబడి, అమ్మలారా, వయసు మీద పడుతున్నా ప్రభువు నా రక్తంలో మంచిదాన్ని సమృద్ధిగా ఉంచాడని చెప్పాను. కూడిక మొత్తం "స్తోత్రం" అంది. అయ్యాక ముగ్గురు చుట్టూ చేరి ఏం తింటావని అడిగారు. అబద్ధం ఆడకూడదు కదా, చేప వేపుడు, వంకాయ బజ్జీలు అని చెప్పాను. ఆ వారం బజ్జీల బండి దగ్గర మా చర్చివాళ్లు చాలామంది కనబడ్డారని మా ఆయన చెప్పారు.

వానలు మొదలయ్యాక నాకు దవడ నొప్పి వచ్చింది. ఎడమవైపు, చెవి కింద. అస్తమానం కాదు. బజారు నుంచి సంచీ పట్టుకుని స్టేషను వంతెన మెట్లెక్కుతుంటే వచ్చేది. మధ్యలో ఆగితే పోయేది. కింద గూడ్సు బండి వెళుతుంటే కమ్మీ పట్టుకుని వేగన్లు లెక్కపెడుతూ నిలబడేదాన్ని. యాభై దాటేసరికి నొప్పి ఉండేది కాదు. గూడ్సు మంచిదని నాకు అక్కడ ఇంకోసారి రుజువైంది.

"పన్నే అమ్మీ," అంది వదిన. "నాకూ ఇలగే నొచ్చి నొచ్చి ఒక్కోటీ ఊడిపోయినాయి." ఆవిడ నోట్లో ఒక్క పన్నూ లేదు. కాబట్టి పళ్ల విషయంలో ఆవిడ మాటకి మా ఇంట్లో తిరుగులేదు.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చిన్న సుత్తిలాంటి దానితో తట్టి తట్టి చూశారు. ఒక దవడపన్నుకి కాస్త పుప్పి ఉందనీ, అంత నొప్పి పుట్టించేది కాదనీ, నింపితే సరిపోతుందనీ అన్నారు. మెట్ల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పన్నుకీ మెట్లకీ సంబంధం ఏముంటుంది? పీకేయండి బాబూ, అని నేనే పట్టుబట్టాను. పీకారు. నింపితే నిలిచే పన్నే. అది పోయింది, నొప్పి ఉండిపోయింది.

దసరా పూజల సెలవులు అయ్యాక దీదీ మళ్లీ వచ్చి మా ఆయన రక్తం తీసింది. ఈసారి ఆయన గూడ్సు ముప్పై ఎనిమిది. ఆయన కాగితాన్ని వీధిలో నలుగురికీ చూపించి వచ్చారు. ఆ సందట్లో దీదీ నన్ను అడిగింది.

"బౌదీ, మీరు డాక్టర్‌కి చూపించారా?"

"ప్రెభువు దయ వొల్ల నాకు అరవయ్యెనిమిది గదా దీదీ."

ఆమె చేతిలో ఉన్న దూది డబ్బాలో పడేసింది. "అరె బౌదీ! గుడ్ ఎక్కువుంటే బ్యాడ్‌కి ఛుట్టీ ఇస్తారా? రెండూ డ్యూటీలో ఉన్నాయి!"

"గూడ్సు సూసుకుంటాదిలే దీదీ," అన్నారు మా ఆయన.

"నువ్వు మాట్లాడకు దాదా. నీది నువ్వు చూసుకున్నావు. బౌదీది ఎవరు చూస్తారు?"

నేను టీ పెట్టాను. క్రిస్మస్ అయ్యాక తప్పకుండా వెళతానని మాటిచ్చాను. క్రిస్మస్‌కి పిండివంటలు చాలా ఉంటాయి, ముందు వెళ్లడం కుదరదు. దవడ సంగతి ఆమెతో అనలేదు. రక్తం ఆమె పని, పళ్లు ఆమె పని కాదు. ఆమె టీ సగం తాగి వెళ్లిపోయింది. అంత కోపం నా మీద ఎందుకని నొచ్చుకున్నాను కూడా. అది కోపం కాదని ఇప్పుడు తెలుసు.

డిసెంబరు వచ్చింది. ఒక పొద్దున మెట్లు లేకుండానే నొప్పి వచ్చింది. ఇంటి నుంచి వీధి మలుపు దాకా నడిచాను, అంతే. దవడ నుంచి ఎడమ భుజం దాకా ఎవరో పట్టకారు పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. పక్క పన్ను కూడా పోయిందనుకున్నాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మలుపులో ఉన్న టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కాను. ఆ టోటో నడిపేది ముసలాయన, ఒడియా మనిషి. మమ్మల్ని ఆదివారాలు చర్చికి తీసుకెళ్లేదీ ఆయనే. మా పెద్దవాళ్ల మధ్య పెరిగాడేమో, తెలుగు మాలాగే మాట్లాడతాడు.

"ఎక్కడకి బౌదీ?"

"పళ్ల డాక్టరు కాడికి దాదా."

అద్దంలో నన్ను చూశాడు. "మల్లీ పన్నా? మొన్ననే గదా పీకించుకున్నావు."

"అది కాదు, పక్కది."

కొంచెం దూరం పోనిచ్చాడు. "మెట్లెక్కితే నొస్తాదా? ఆగితే పోతాదా?"

నేను ఆశ్చర్యపోయాను. పళ్ల డాక్టరు కూడా అడగని ప్రశ్న అది. "నీకెలగ తెలుసు?"

నడిరోడ్డు మీద టోటో ఆపేశాడు. వెనకాల వాళ్లు హారన్లు కొడుతున్నారు. వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశాడు. "ఈ సలిలో సెమటేటి?"

"బేగి నడిసినాను."

"మీ ఇంటికాణ్ణించి ఇక్కడకి నూరడుగులు నేదు బౌదీ."

టోటో తిప్పేశాడు.

"ఇటేటి? పళ్ల డాక్టరు అటు!"

"పళ్లు జానే దో. ఆస్పత్రికి ఎల్దాం."

"నాకేటి దాదా, నాకు గూడ్సు అరవయ్యెనిమిది."

"నాకు టోటో ఒక్కటే ఉన్నాది. గట్టిగా పట్టుకుని కూకో."

దారి పొడుగునా ఆయన్ని తిట్టాను. తిట్లంటే మాకు వచ్చినంతే. వయసైనదాన్ని, నా మాట వినవా అన్నాను. మా చర్చి అయ్యగారితో చెబుతానన్నాను. ఆయన హారను మీంచి చెయ్యి తీయలేదు. మధ్యమధ్యలో తనలో తాను ఒడియాలో ఏదో అనుకుంటున్నాడు. అందులో నాకు అర్థమైన మాట పన్ను ఒక్కటే. ఆస్పత్రి గేటు దగ్గరే "హార్ట్ పేషెంట్! హార్ట్ పేషెంట్!" అని కేకలు పెట్టాడు. నాకు సిగ్గేసింది. కుర్చీ బండి తోసుకొచ్చిన వాళ్లకి, కాదు నాయనా పన్ను, అని నచ్చజెప్పడానికి చూశాను. వాళ్లు ఆయన మాటే విన్నారు.

ఛాతీకి తీగలు పెట్టి కాగితం తీశారు. ఆ కాగితం చూసినవాళ్లు పరుగెత్తడం మొదలుపెట్టారు. ఒక మాత్ర ఇచ్చి నమిలి మింగమన్నారు. ఎడమవైపు పన్ను లేదు, ఏ వైపు నమలమంటారని అడిగాను. నర్సమ్మ ఏ వైపైనా పరవాలేదంది. నిదానంగా చెప్పింది, ఆమెకు వందనాలు.

మా ఆయన వచ్చేసరికి నేను మంచం మీద ఉన్నాను. డాక్టరు బెంగాలీ ఆయన. హిందీలో చెప్పారు: హార్ట్‌లో బ్లాక్ ఉంది.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఎన్ని గంటల బ్లాక్ సార్?"

రైల్వేలో బ్లాకంటే లైను బాగుచేయడానికి బళ్లు ఆపే సమయం. రెండు గంటలో, మూడు గంటలో. పని అవగానే లైను తెరుస్తారు. ఆయన చాలా మర్యాదగా అడిగారు, ఆ కాసేపూ బయట బెంచీ మీద కూర్చుంటానన్నట్టు. డాక్టరు ఈ ఊరివారే అయి ఉండాలి, నవ్వలేదు.

"దాదా, ఇది మీ లైను బ్లాక్ కాదు. టైమైతే తెరుచుకునేది కాదు. మేము లోపలికి వెళ్లి తెరవాలి. ఇప్పుడే."

మా ఆయన సంతకం పెట్టారు. ఆయన సంతకం అంత వంకరగా ఉండటం నేను పెళ్లి రోజు తర్వాత చూడలేదు. నా మణికట్టు దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, మూసుకున్న చోట స్ప్రింగులాంటిది పెట్టారు. నాకు మెలకువగానే ఉంది. నాకు తెలిసిన పాటలన్నీ లోపలే పాడుకున్నాను. చరణాలు తప్పు పోయాయి. వినేవాడు సర్దుకుని ఉంటాడు.

మూడోరోజు డాక్టరు వచ్చినప్పుడు మా ఆయన జేబులోంచి నా పాత కాగితం తీశారు. పాటల పుస్తకంలో వెతికి పట్టుకొచ్చారు. వేలు పెట్టి చూపించారు.

"సార్, ఈవిడకి గూడ్సు అరవయ్యెనిమిది ఉన్నాది గదా. అన్ని వేగన్లుంటే ఎలగ మూసుకుపోనాది?"

డాక్టరుకి గూడ్సు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీరు వర్క్‌షాపులో ఏం పని చేసేవారు?"

"వేగన్ రిపేరు సార్. సిక్ లైన్లో."

పాడైన వేగన్లని సిక్ అంటారు. వాటిని నిలబెట్టే లైను సిక్ లైను.

"యార్డులో ఉన్న వేగన్లన్నీ లెక్కలోకి వస్తాయా?"

"వస్తాయి సార్."

"అన్నీ నడుస్తాయా?"

మా ఆయన కాగితం మీంచి వేలు తీసేశారు.

డాక్టరు మెల్లిగా చెప్పారు. ఈ పరీక్ష మంచిది ఎంతుందో లెక్కపెడుతుంది కాని, అందులో ఎంత నిజంగా పనిచేస్తోందో చెప్పదు. మంచిది మరీ తక్కువుంటే అది హెచ్చరికే. తగినంత ఉంటే సంతోషమే. కాని అది ఎంతున్నా చెడ్డదానికి మాఫీ ఉండదు. గోడలకి పేరుకునేది చెడ్డది, తగ్గించాల్సింది దాన్ని. మంచిదాని అంకె ఒక్కటి పెంచేసుకుని నిశ్చింతగా ఉండే మందేదీ తన దగ్గర లేదన్నారు. నడక, పొగ మానడం, నూనె తగ్గించడం, చెడ్డదానికి మాత్ర, ఇవే ఉన్నాయన్నారు. ఆడవాళ్లకి గుండె నొప్పి గుండెలోనే రావాలని లేదట. దవడలో రావచ్చు, వీపులో రావచ్చు, ఒట్టి ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. మగవాళ్లకీ అలా వస్తుందట కాని, ఆడవాళ్లు అయితే ఇంకేదో అనుకుని పనిలో పడిపోతారట. "ఈ హెచ్ ఎవరూ చూడలేదా?" అని అడిగారు.

"సూపించినారు సార్," అన్నారు మా ఆయన. "ఆ దీదీ సూపించినాది. మేమే సూణ్ణేదు."

డాక్టరు వెళ్లాక ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "సిక్ వేగన్లు కూడా లెక్కలోకి వస్తాయే," అన్నారు. "ముప్పయ్యెనిమిదేళ్లు అదే పని సేసినాను. నాకు తెలకపోతే మరెవులికి తెలుస్తాది?" తర్వాత లేచి నా కాళ్ల మీద దుప్పటి సర్దారు. మా పెళ్లయ్యాక ఆయన నాకు దుప్పటి సర్దడం అదే మొదలు. సగం కాళ్లు బయటే ఉన్నాయి, నేను చెప్పలేదు.

వదిన రోజూ వచ్చేది. మొదటిరోజు మంచం పక్కన నిలబడి "పన్నని నానే గదే సెప్పినాను, నా నోరు పడిపోనూ," అని ముక్కు చీదింది. నేను ఇంటికి వచ్చిన వారం దీదీని పిలిచి చెయ్యి చాపింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని కాగితం వచ్చింది. ఆవిడ దానికేమీ ఆశ్చర్యపోలేదు.

నడవగలిగాక గురువారం కూడికకి వెళ్లి మళ్లీ లేచి నిలబడ్డాను. అమ్మలారా, నా మొదటి సాక్ష్యం అబద్ధం కాదు, కాని కాగితంలో పైవరస మాత్రమే చదివి చెప్పాను అన్నాను. కింది వరస కూడా చదివించుకోండి, మీ ఆయనదే కాదు మీది కూడా, పని చేస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి దవడలో ఉన్నా పన్ను అనుకోకండి అన్నాను. ఈసారి "స్తోత్రం" అనడానికి కొంచెం ఆలస్యమైంది. వెనక వరసలోంచి ఒక అక్క, "అయితే వంకాయ బజ్జీలేటి మరి?" అని అడిగింది. వొద్దన్నాను. అందరూ నావైపు కొంచెం నిష్ఠూరంగా చూశారు. ఆ నెలలో పదకొండు మంది దీదీ చేత రక్తం తీయించుకున్నారు. ఇద్దరికి మాత్రలు రాశారు.

టోటో దాదాని ఒకరోజు ఇంటికి పిలిచాను. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. చక్కెర లేని టీ ఇచ్చాను, మా ఇంట్లో ఇప్పుడు అదే ఉంది. తిట్టినందుకు క్షమించమన్నాను.

"తిట్టగలిగినావు గదా బౌదీ. అప్పుడే అనుకున్నాను, టైముంది ఇంకా అని."

ఎలా తెలుసని మళ్లీ అడిగాను. గ్లాసు కింద పెట్టాడు.

ఆయన భార్యకి కూడా దవడ నొప్పి ఉండేదట. బిందె మోస్తే వచ్చేది, దించితే పోయేది. పన్నేమో అనుకున్నారు. ఒకరోజు ఈ టోటోలోనే కూర్చోబెట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె లోపల ఉన్నంతసేపూ బయట ఎదురుచూశాడు. పీకిన పన్ను కాగితంలో చుట్టి ఇస్తే జాకెట్లో దాచుకుని వచ్చింది. ఇంటికొచ్చి అన్నం వండింది. ఆయనకి వడ్డించి, నోట్లో దూది ఉంది కాబట్టి తను తర్వాత తింటానంది. గోడకి ఆనుకుని కూర్చుంది. ఆయన కంచం కడిగి వచ్చేసరికి అలాగే ఉంది, మరి లేవలేదు.

"నానే తీసికెల్నాను బౌదీ. దారంతా నానే తోలినాను," అన్నాడు. "ఏ డాక్టరు కాడికి ఎల్లాలో తెల్దు. అంతే."

ఆమె రక్తం ఎప్పుడూ ఎవరూ తీయలేదు. ఆమె పేరు మీద ఒక్క కాగితం కూడా లేదు. అందులో మంచిది ఎంతో, చెడ్డది ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆమె పేరు ఆయన ఒక్కసారే చెప్పాడు. చెప్పి, టీ చల్లారిపోయిందని గబగబా తాగేసి లేచాడు. ఆమె మా చర్చి మనిషి కాదు, వాళ్ల దేవుడి పటం టోటో అద్దం మీద ఉంటుంది. అయినా రోజూ పొద్దున్న నేను మాత్ర వేసుకునే ముందు ఆ పేరు తలుచుకుంటాను. నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. ఆమె వెళ్లిన దారిలోంచే ఆయన నన్ను వెనక్కి తిప్పాడు.

ఇంతదాకా చదివిన మీకు వందనాలు. నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నేను బాగానే ఉన్నాను. ఆ టోటో దాదా భార్యని గుర్తుపెట్టుకోండి. ప్రార్థన చేసేవాళ్లు ప్రార్థనలో తలుచుకోండి. చేయనివాళ్లు, మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా దవడ పట్టుకుని మెట్ల మధ్యలో ఆగినప్పుడు తలుచుకోండి.